కొండకు వీపు

మా ఊళ్ళో కొండ లేదు. అయినా కొండ ముందు నిలబడి ఫోటో దిగని మనిషి మా ఊళ్ళో లేడు. ఆ ఘనత మా మామయ్యగారిది. స్టూడియో తెరిచిన కొత్తలో, ఏదో క్యాలెండరులో చూసిన మంచుకొండని గోడంత గుడ్డ మీద రంగులతో దించారు. దాన్ని ఇంట్లో అందరం తెర అంటాం. పైన తెల్లటి శిఖరం, కింద పచ్చిక, మధ్యలో ఎవరికీ అక్కర్లేని ఒక కొలను. కుడివైపు ఓ మబ్బు కూడా ఉంది గానీ అది ముందు అనుకుని వేసింది కాదు. వానకి కప్పు కారి తెర మీద మరక పడితే, మామయ్య దాని చుట్టూ తెల్లరంగు అద్ది మబ్బు చేసేశారు. మా స్టూడియో మెట్లెక్కడానికే ఆయాసపడేవాళ్ళు కూడా ఆ తెర ముందు నిలబడగానే శిఖరం ఎక్కి దిగొచ్చినట్టు మొహం పెట్టేవారు.

నేను ఆ ఇంటి కోడల్ని. కంప్యూటరు ముందు కూర్చుని మొహాలు బాగుచేయడం నా పని. మొటిమలు, మచ్చలు, కంటికింద నలుపులు నా చేతిలో మాయమవుతాయి. దూరపు కొండలు నునుపంటారు, నేను కూర్చుంటే దగ్గరి మొహాలూ నునుపే. ఫోటోలు తీసేది మా ఆయన. ఆయన తీసినవి చూసి పెదవి విరిచేది మామయ్య.

ఇక అత్తయ్య. బోర్డు మీద ఆవిడ పేరు లేదు. తెర దులిపేది, చిరిగితే కుట్టేది, ఆల్బముల్లో ఫోటోలు అతికించేది మాత్రం ఆవిడే. వీటన్నిటికీ మించిన ఉద్యోగం ఇంకొకటుంది. ఎవరైనా ఫోటోకి వస్తే, వాళ్ళు లోపల తల దువ్వుకునేలోగా మామయ్య అత్తయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి లైట్లు సరిచూసుకుంటారు. "గడ్డం ఎత్తు. అంత కాదు, దించు. ఇటు చూడు. కదలకు." లైటు కుదిరాక, "ఇక లే." ఆవిడ లేస్తుంది, వచ్చినవాళ్ళు కూర్చుంటారు. అలా ఆవిడ జీవితంలో సగం ఆ కొండకు వీపు పెట్టి గడిచిపోయింది.

పెళ్ళయిన కొత్తలో మామయ్య ఆవిడకి అదే స్టూలు మీద ఒక మాట ఇచ్చారట, "అసలు కొండ చూపిస్తాలే" అని. ఆ తర్వాత ఊళ్ళో జరిగిన ప్రతి పెళ్ళికీ ఆయన ఫోటోలకి వెళ్ళారు. ఆ కొత్తజంటలు కొండలకి వెళ్ళొచ్చి, అక్కడ దిగిన ఫోటోలు తెచ్చిచ్చేవారు. వాటిని అత్తయ్య జిగురు రాసి వాళ్ళ ఆల్బముల్లో అతికించింది. ఊళ్ళోవాళ్ళంతా వెళ్ళొచ్చారు, మాట ఇచ్చినాయనకి మాత్రం తీరిక దొరకలేదు.

ఇన్నాళ్ళకి ఆ ప్రయాణం కుదిరిందంటే దానికి కారణం మాట కాదు, పంతం. మా ఆయన ఒక ఆకుపచ్చ గుడ్డ కొనుక్కొచ్చి స్టూడియోలో వేలాడదీశారు. దాని ముందు నిలబెట్టి ఫోటో తీస్తే వెనకాల ఏం కావాలంటే అది కంప్యూటరులో పెట్టొచ్చు.

"ఇంకా ఆ కొండేంటి నాన్నా. కావాలంటే చంద్రుడి మీద నిలబెడతా" అన్నారు మా ఆయన.

తెర అటకెక్కింది. మామయ్య అలకపాన్పు ఎక్కారు. కొన్నాళ్ళు మౌనంగా అన్నం తిని, ఒక పూట చెయ్యి కడుక్కుంటూ ప్రకటించారు.

"అసలు కొండ దగ్గరికి పోదాం. దాని ముందు మీ ముగ్గురికీ ఫోటో తీసి, గోడంత చేసి, కొట్టు ముందు పెడతా. కొండకీ కంప్యూటరుకీ తేడా ఏంటో జనం చూస్తారు."

బట్టలు సర్దుతున్నప్పుడు అత్తయ్య నాతో గొంతు తగ్గించి అంది. "నాకు ఫోటో వద్దమ్మా. ఆ కొండకి ఎదురుగా కాసేపు కూర్చుని కళ్ళారా చూస్తే చాలు. కదలకు అని ఎవరూ అనకుండా."

ఎంత చిన్న కోరికో చూశారా. అందుకే తీరడం అంత కష్టమైంది.

మేం వెళ్ళిన నగరం కొండల మధ్య ఉందంటారు. మేం దిగేసరికి మబ్బుల మధ్య ఉంది. శిఖరం మాత్రం ఎక్కడ చూసినా కనిపించింది. మా గదిలో తువాలు మీద, సబ్బు మీద, టీ కప్పు మీద, చెత్తబుట్ట మీద. ఒక్క ఆకాశంలోనే లేదు. కిటికీ తీస్తే పక్క హోటలు వెనక గోడా, దాని మీద బట్టలారేసే తీగలూ. కింద తాళాలిచ్చే మనిషిని అడిగితే, "పొద్దున పూట కనిపిస్తుందండి. అదీ దాని ఇష్టం" అన్నాడు. మేం అక్కడ ఉండేది మూడు రోజులు. దాని ఇష్టం ఎలా ఉందో కనుక్కోవడానికి ఎవరూ దొరకలేదు.

మొదటి రోజు మబ్బు వీడలేదు కాబట్టి మ్యూజియానికి వెళ్ళాం. కొండ చూద్దామని వచ్చి కొండ మ్యూజియం చూడటం, పెళ్ళికొచ్చి శుభలేఖ చదువుకుని పోవడం లాంటిదే. అయినా వెళ్ళాం. లోపల గడ్డి కూరిన కొండమేక ఉంది, ఎవరో ఎప్పుడో ఎక్కుతూ వాడిన తాళ్ళూ బూట్లూ ఉన్నాయి, మీట నొక్కితే దారుల మీద దీపాలు వెలిగే కొండ నమూనా ఉంది. చివరి గదిలో, ఒక గోడ పొడుగునా రంగులతో వేసిన శిఖరం. దాని ముందు దూది మంచు. ఏ మూల నుంచి పడుతోందో తెలియని లైటు.

మామయ్య ఆ గదిలో చెప్పులకి మేకులు కొట్టినట్టు ఆగిపోయారు.

"ఇదీ కొండంటే. ఆ నీడ చూశావా. లైటు ఎడమ నుంచి వేశాడు. మొనగాడు."

తర్వాత చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. మమ్మల్ని వరసలో నిలబెట్టారు, మా ఆయన్ని మధ్యలోకి తోశారు, నా శాలువా సర్దమన్నారు, అత్తయ్య గడ్డం ఎత్తమన్నారు. కాపలా ఉద్యోగి పరుగున వచ్చి, లోపల ఫోటోలు తీయకూడదండి అన్నాడు. ఇంటినుంచి ఇంతదూరం వచ్చి బొమ్మ కొండ ముందు ఫోటో తీసుకోనివ్వలేదని మామయ్య ఆ పూటంతా బాధపడ్డారు. అదే బొమ్మ కొండ మా ఇంటి అటక మీద ఉందని నేను గుర్తుచేయలేదు. కోడలికి కొన్ని హద్దులుంటాయి.

ఆ గదిలో ఒకవైపు నల్లటి మందపాటి పరదా ఉంది. అత్తయ్య దాని దగ్గర నిలబడి, "దీని వెనక ఏముంది బాబూ" అని కాపలా ఉద్యోగిని అడిగింది.

"కిటికీ అండి. మబ్బు లేకపోతే అసలు కొండ అందులోంచే కనిపిస్తుంది."

"మరి మూసేశారేం?"

"ఎండ తగిలితే గోడమీది బొమ్మ వెలిసిపోతుందండి."

అత్తయ్య పరదా అంచు వేలితో తప్పించి చూసింది. బయట తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. అతను పాపం చూడనట్టు తల తిప్పుకున్నాడు.

సాయంత్రం అదే వీధిలో ఇంకో చిన్న మ్యూజియం, పాత వస్తువులది. కుట్టుమిషన్లు, ఇస్త్రీపెట్టెలు, వేలితో తిప్పే ఫోన్లు. ఒక అద్దాల పెట్టెలో, నల్లగుడ్డ వేసి కాళ్ళ మీద నిలబెట్టిన కెమెరా. కింద "పూర్వకాలపు కెమెరా" అని రాసి ఉంది. మామయ్య వంగి చూశారు. ఆయన పని నేర్చుకున్నది అలాంటిదాని మీదే. ఇప్పటికీ మా ఇంట్లో బీరువా వెనక ఒకటుంది.

"పూర్వకాలం ఏంటి, నిన్నగాక మొన్నటిది" అన్నారు. గొంతులో పస లేదు.

అత్తయ్య ఆ పెట్టెలో ఖాళీ చోటు చూపించి, "దీని పక్కన ఓ స్టూలు వేసి నన్నూ కూర్చోబెట్టమనండి. వరస సరిపోతుంది" అంది. మా ఆయన నవ్వారు. మామయ్య నవ్వలేదు. ఆవిడ అన్నది వేళాకోళమో కాదో నాకూ తెలియలేదు.

రెండో రోజు కొండల మీదుగా తీగబండి ఎక్కాం. తీగకి వేలాడుతూ పోయే గాజు గది అది. అందులో ఎదురెదురుగా రెండు బల్లలు. మామూలు మనుషులైతే కొండవైపు మొహం పెట్టి కూర్చుంటారు. మేం ఫోటోల వాళ్ళం. మామయ్య మా ముగ్గురినీ కొండకు వీపుపెట్టి ఒక బల్ల మీద సర్ది, తాను ఎదురు బల్ల మీద కెమెరాతో కూర్చున్నారు. పైగా ఇంటినుంచి స్టాండూ, వెలుతురు మళ్ళించే వెండి గొడుగూ మోసుకొచ్చారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఏమిటో ఆ గొడుగు కాడ నా మోకాళ్ళకి తగిలినప్పుడల్లా తెలిసింది.

దారి సగమయ్యాక వెనక గాజు గదిలో ఉన్నవాళ్ళు కేకలు వేస్తూ, గాజుకి చేతులానించి మా వెనకవైపు చూపించారు. మబ్బు వీడింది. మేం తిరగబోయాం.

"కదలకండి" అన్నారు మామయ్య.

కదల్లేదు. అదే మా ఖర్మ. ఆ మాటకి మా మెడలు బిగుసుకుపోతాయి. అది అలవాటు కూడా కాదు, వృత్తి రోగం. ఆయన నొక్కారు, ఇంకోసారి అని మళ్ళీ నొక్కారు, ఇక చాలన్నారు. మేం తిరిగేసరికి గాజు మీద మళ్ళీ తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

"మీరైనా చూశారా" అడిగింది అత్తయ్య. "ఎదురుగానే ఉందిగా మీకు."

మామయ్య ఆలోచించారు. "లేదే. నీ శాలువా ఓ పక్కకి జారింది. దాన్నే చూస్తున్నా."

పోనీ ఫోటోలో చూద్దామంటే, శిఖరం ఉండాల్సిన చోట మా ఆయన తలకాయ ఉంది. ఆయన పొడుగు. భర్త కొండంత అండగా ఉండాలని కోరుకుంటారు గానీ, ఇలా కొండకే అడ్డంగా ఉంటాడని ఎవరూ హెచ్చరించరు. తాను చూడడు, ఇంకొకర్ని చూడనివ్వడు అనే రకం మనిషిని నేను కథల్లోనే విన్నాను, ఇలా మామయ్య రూపంలో ఎదురు బల్ల మీద కూర్చుంటాడనుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య మాత్రం దిగాక టీ కొట్టు దగ్గర కప్పు తిప్పి దాని మీద ముద్రించిన శిఖరాన్ని చూస్తూ తాగింది. అది చూసి నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

చివరి రోజు మధ్యాహ్నానికి మా బస్సు. పొద్దున్నే కొండ చూసే చోటికి వెళ్ళాం. కొండ అంచున కట్టిన చప్టా, చుట్టూ ఇనుప కమ్మీలు, వేడి జొన్నపొత్తులు అమ్మేవాళ్ళు, నీళ్ళసీసాలు అమ్మేవాళ్ళు, వచ్చినవాళ్ళంతా కట్టుకున్న కొత్త మఫ్లర్లు. ఎదురుగా మళ్ళీ మబ్బే. మామయ్య స్టాండు పాతారు, వెండి గొడుగు విప్పారు. మమ్మల్ని కమ్మీలకి ఆనించి, వీపులు మబ్బుకి పెట్టించి నిలబెట్టారు. ఈసారి మా ఆయన్ని పక్కకి జరిపారు, అంత మేలు. చుట్టుపక్కల వాళ్ళు మమ్మల్ని జాలిగా చూశారు. మబ్బు ముందు ఫోటో దిగే కుటుంబాన్ని ఎవరైనా అలాగే చూస్తారు.

"తెర లేచేదాకా ఇలాగే ఉండండి" అన్నారు మామయ్య.

చాలాసేపు ఉన్నాం. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు చప్టా మీద గోల సద్దుమణిగింది. జొన్నపొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపింది. మాకు ఎదురుగా ఉన్న మొహాలన్నీ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. మా వెనక ఏం జరిగిందో ఆ మొహాలు చూస్తే తెలిసిపోయింది.

"ఎవరూ కదలొద్దు" అన్నారు మామయ్య, కెమెరాకి కన్ను ఆనించి.

నేను కదల్లేదు. మా ఆయన కదల్లేదు. పళ్ళు కూడా బయటపెట్టి నవ్వాం. పక్కన శాలువా కదిలిన చప్పుడైంది. అత్తయ్య తాపీగా, కాళ్ళు మార్చుకుని, పూర్తిగా వెనక్కి తిరిగింది. రెండు చేతులూ కమ్మీ మీద పెట్టుకుంది.

"ఏమే, ఇటు చూడు."

ఆవిడ తిరగలేదు.

"ఇటు చూడవే, వెళ్ళిపోతుంది."

"ఇన్నేళ్ళూ అటే చూశానండీ" అంది అత్తయ్య, కొండని చూస్తూనే. "ఇప్పుడు ఇటు చూడనివ్వండి."

గొంతు పెద్దది చేయలేదు. కోపమూ లేదు. మామయ్య కెమెరాకి ఆనించిన కన్ను తీయలేదు. మీట నొక్కిన చప్పుడు ఒక్కటే వినిపించింది. నాకు బుద్ధొచ్చి మెడ తిప్పేసరికి మబ్బు సగం మూసేసింది. ఒక తెల్లటి భుజం లాంటిది కనిపించి పోయింది. నా వాటాకి వచ్చింది అంతే. మా ఆయన అదీ చూడలేదు, ఆయన ఇంకా నవ్వుతున్నారు.

అత్తయ్య మాత్రం మబ్బు పూర్తిగా మూసుకున్నాక కూడా కాసేపు అటే చూసి, అప్పుడు తిరిగింది. కళ్ళు తుడుచుకుని, "ఇక పదండి, బస్సుకి టైమవుతుంది" అంది.

బస్సులో చాలా దూరం వచ్చాక మామయ్య అడిగారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసింది. "మీ దానికంటే పెద్దది."



ఇంటికొచ్చి ఆ ఫోటో కంప్యూటరులో తెరిచాను. పళ్ళికిలించిన నేను, నా పక్కన మా ఆయన, ఆ పక్కన అత్తయ్య వీపు. మా ఆయన నా వెనక నిలబడి, "దీనికేముంది, తీగబండి ఫోటోలోంచి అమ్మ మొహం తీసి ఇక్కడ అతికించెయ్. ఇటు తిరిగినట్టే ఉంటుంది" అన్నారు. నిజమే, నాకది చిటికెలో పని. రోజూ చేసేదే.

"నువ్వు ముట్టుకోకమ్మాయ్" అన్నారు మామయ్య. "పెద్దది చెయ్. కొండ చూద్దాం."

పెద్దది చేశాను. కొండ లేదు. అంటే ఉంది, కానీ తెల్లటి ముద్దలా, పిండి ఒలికినట్టు మసగ్గా ఉంది. స్పష్టంగా ఉన్నది ఒక్కటే. అత్తయ్య తలముడి. అందులో ఊడి వేలాడుతున్న ఒక పిన్ను, మెడ మీద చెదిరిన నెరిసిన వెంట్రుకలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా వచ్చాయి. జీవితమంతా ఫోటోలు తీసినాయన, కొండ కోసం అంతదూరం వెళ్ళి, కొండని వదిలేసి పెళ్ళాం తలముడి మీద ఫోకస్ పెట్టారు. మామయ్య దాన్ని చాలాసేపు చూసి, చెవి గోక్కుని, లోపలికి వెళ్ళిపోయారు. కొండని తవ్వి ఎలుకని పట్టారని ఎవరో అనుకోవచ్చు. నేను అనుకోలేదు.

మర్నాడు అటక మీంచి తెర కిందికి దిగింది.

ఇప్పుడు మా స్టూడియోలో ఒక పక్క ఆకుపచ్చ గుడ్డ ముందు మా ఆయన జనాన్ని చంద్రుడి మీద నిలబెడుతున్నారు. ఇంకో పక్క మామయ్య రంగుడబ్బాలు పరుచుకుని తన కొండని సరిచేస్తున్నారు. అసలు కొండని చూసిన మనిషి ఇంట్లో ఒక్కతే కాబట్టి, ఆవిడ చెప్పినట్టే వేయాలి. అత్తయ్య అదే స్టూలు మీద, ఈసారి కొండకు ఎదురుగా, చేతిలో టీ కప్పుతో కూర్చుంటుంది.

"శిఖరం కొంచెం ఎత్తండి" అంటుంది.

మామయ్య ఎత్తుతారు.

"అంత కాదు, దించండి."

దించుతారు.

"ఎడమ భుజం కాస్త ఇటు తిప్పండి. ఆఁ. కాదు, ఇందాకటిదే నయం."

ఆయన పాత గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెడతారు. చొక్కా నిండా రంగు, కనుబొమల మీద మంచు. నెల దాటింది. కొండ పెరుగుతోంది, తరుగుతోంది, ఒక పూట ఉన్నచోట ఇంకో పూట ఉండటం లేదు. మధ్యలో ఓసారి, "పోనీ ఆ మబ్బైనా సరిగ్గా ఉందా" అని దీనంగా అడిగారు. "చూసి చెప్తాను" అంది ఆవిడ.

నిన్న మామయ్య రంగు కొనడానికి బజారుకి వెళ్ళినప్పుడు, ఆయన మీద జాలేసి అడిగాను. "అత్తయ్యా, నిజంగా మీకు కొండ అంత బాగా గుర్తుందా?"

"గుర్తులేకేం" అంది అత్తయ్య, తెర వైపు చూస్తూ. "మొదటి వారంలోనే అచ్చు దించినట్టు వేశారు."

"మరి?"

ఆవిడ కప్పు కింద పెట్టి, స్టూలు కొంచెం ముందుకు జరుపుకుంది.

"ఎన్నేళ్ళు గడ్డం ఎత్తించారమ్మా నా చేత. కొన్నాళ్ళు కొండనీ ఎత్తనీ."